గాజు పడవ కింద

జ్ఞానవతికి ఆ వారమంతా ఒకటే కల. దీవి ఒడ్డున వండూర్‌లో టూరిస్టులను తిప్పే గాజు పడవ ఉంటుంది కదా, అడుగున అద్దం బిగించి, కూర్చున్నచోటి నుంచే పగడాలూ చేపలూ కనిపించేలా చేసినది, ఆ పడవ కింద తను పడుకుని ఉంది. నీళ్ళు పచ్చగా, గోరువెచ్చగా ఉన్నాయి. ఊపిరాడటం లేదన్న బాధ లేదు. ఒంటి మీద చీర లేదు, జాకెట్టు లేదు. చేపలకు లేని సిగ్గు నాకెందుకులే అనుకుని హాయిగానే ఉంది. అంతలో పైన అద్దం మీదికి ఒక్కో మొహమే వంగేది. పాస్టరమ్మగారు, బుల్లమ్మ, పాటల జట్టులో ఆడవాళ్ళూ. అందరికంటే ముందు కామమ్మ. వేలు పెట్టి మరీ చూపించేది, "అదిగో, ఎడం పక్క సూడండి, ఎడం పక్క!" అని. అక్కడితో మెలకువ వచ్చేసేది. మధ్యాహ్నం కునుకు తీసినా ఇదే వరస. కళ్ళు తెరిచేసరికి రేకుల మీద వాన పడుతూ ఉండేది. చెయ్యి దానంతటదే వెళ్ళి ఎడమ రొమ్ము ఉండాల్సిన చోటును తడిమేది. అక్కడ ఏమీ ఉండేది కాదు.

ఈ కలను ఇంట్లోకి తెచ్చి పడేసిందీ కామమ్మే. ప్రోతరాపూర్‌లో పక్కిల్లు ఆమెది. మనిషి మంచిదే, కానీ ఆమె చెవిన పడిన మాట వండూర్ బస్సు కంటే ముందు వండూర్ చేరుతుంది. కుట్టిన జాకెట్టు తీసుకుపోవడానికి వచ్చి, గడప దాటకుండానే మొదలెట్టింది.

"జ్ఞానక్కా, ఇన్నావా? ఎయిర్‌పోర్టులో కొత్త మషీన్ పెట్టీసేరంట. గాజు గదిలా ఉంటాదంట. దాన్లో నిలబెట్టి సేతులెత్తమంటారు. అంతే! బట్టలున్నా లేనట్టే. దేవుడెలాగ పుట్టించాడో అలాగ టీవీలో సూపించీస్తాదంట."

"ఛ, ఊరుకో."

"సచ్చీ అక్కా, నిజం! మా మరిది డిగ్లీపూర్ నుంచి వచ్చి మొన్నే ఎక్కేడు గదా విమానం, ఆడే సెప్పేడు. ఇంకా ఇను. అక్కడ ఆడోళ్ళని చెకింగ్ సేసీది ఎవులనుకున్నావు? మన సంఘంలో మేరీ కూతురు లీదియా!"

కామమ్మ నవ్వుకుంటూ జాకెట్టు సంచిలో కుక్కుకుని వెళ్ళిపోయింది. జ్ఞానవతి మాత్రం కుట్టు మిషను మీద పెట్టిన చెయ్యి తియ్యకుండా అలాగే ఉండిపోయింది. ఇంకో పది రోజుల్లో ఆమె చెన్నై విమానం ఎక్కాలి.

అదే చెన్నైలో అయితే ఏముంది? ముక్కూ మొహం తెలియని వాళ్ళు చూస్తారు, ఆ పూటే మరిచిపోతారు. ఈ దీవుల్లో పరాయివాడు దొరకడమే కష్టం. ఆసుపత్రిలో మందులిచ్చే నర్సు ఎవరికో మరదలు అయి ఉంటుంది. బ్యాంకు గుమాస్తా ఆదివారం పక్క బెంచీలో కూర్చుని పాట పాడతాడు. అందరూ ఆ కాలంలో ఒకటి రెండు జహాజుల్లో, అంటే ఓడల్లో, శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి దిగినవాళ్ళ బిడ్డలే. జ్ఞానవతి తండ్రి కూడా అలాగే వచ్చాడు, ఒక గొడ్డలి, ఒక బైబిలు చేతపట్టుకుని. ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు, ఇక్కడి మట్టిలోనే కలిశాడు. ఇంత మంది మనవాళ్ళ మధ్య మంచి జరిగినా చెడు జరిగినా దాచుకోవడానికి జాగా ఏదీ?

అయినా ఆమె ఒకటి దాచుకుంది.

మూడేళ్ళ కిందట చెన్నైలో ఆపరేషను చేసి ఎడమ రొమ్ము తీసేశారు. ఆ సంగతి భర్త యేసురాజుకు తప్ప దీవిలో ఇంకొక ప్రాణికి తెలియదు. యేసురాజు హార్బరులో క్రేను నడిపి రిటైరైనవాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటి మనిషి ఈ ఒక్క మాటను మూడేళ్ళుగా మింగి కూర్చున్నాడంటే, నిజం చెప్పొద్దూ, ఆమెకు ఆయన మీద ప్రేమ రెట్టింపు అయింది. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ "గాల్‌బ్లాడరులో రాయండీ, ఇంత రాయి!" అని వేలి గోరు చూపించేవాడు మొదట్లో. పోయిన క్రిస్మస్ నాటికి ఆ రాయి గుప్పెడంత అయింది.

ఎందుకంత దాపరికం అంటారా? చావుకు భయపడి కాదు, ఆ భయం ఆసుపత్రిలోనే దిగిపోయింది. ఆమె భయమంతా చూపులకే. బుల్లమ్మకు షుగరు ముదిరి కాలి వేలు తీసేశారు. ఆ ఆదివారమే చర్చిలో ప్రార్థన అవసరతలు చదివేటప్పుడు ఆ వేలి కోసం ప్రార్థించారు. ఇప్పటికీ ప్రార్థిస్తూనే ఉన్నారు, లేని వేలి కోసం! ఎవరు ఎదురైనా ముందు బుల్లమ్మ కాలు చూసి, ఆ తర్వాతే మొహం చూస్తారు. వేలికే అంత జరిగితే దీనికి ఎంత జరగాలి? పాట ఎత్తుకునేది జ్ఞానవతి. సంఘమంతటికీ ఎదురుగా నిలబడాలి. అన్ని కళ్ళూ ఒకే చోట వాలితే ఆమె గొంతు పెగలదు.

పైగా ఆమె చేసే పని అలాంటిది. ఆమె దగ్గర జాకెట్టు కుట్టించుకోని తెలుగు ఆడమనిషి చుట్టుపక్కల లేదు. కొలతలు ఎక్కడా రాసిపెట్టదు, అన్నీ ఆమె తలలోనే ఉంటాయి. ఎవరికి ఒక భుజం జారిందో, ఎవరికి ఒక వైపు మెత్త కుడితే గానీ సరిగా కూర్చోదో ఆమెకు తెలుసు, ఆమె టేపుకు తెలుసు. మూడోవాళ్ళకు తెలియదు. అలా తెలియకపోబట్టే వాళ్ళు ఆమె ముందు చేతులెత్తి నిలబడతారు.

తనకు తను ఏం కుట్టుకుందో కూడా వినండి. మొదట దూది పెట్టింది. తేలికైపోయి జాకెట్టు ఒక పక్కకు పైకి లేచేది. తర్వాత మెత్తటి పాత చీరగుడ్డతో తిత్తి కుట్టి బియ్యం పోసింది. మన సంఘాల్లో ఆడవాళ్ళకు ఒక అలవాటుంది, వండబోయేముందు గుప్పెడు బియ్యం తీసి దేవుడి సంచిలో వేస్తారు, ఆదివారం ఆ సంచి చర్చికి పోతుంది. ఆవేళ డబ్బాలో బియ్యం నిండుకున్నాయి. దేవుడి సంచిలోంచే ఒక గుప్పెడు తీసి తిత్తిలో పోసుకుంది. మర్నాడు రెండు గుప్పెళ్ళు తిరిగి వేసిందనుకోండి, అయినా మనసులో ఏదో మూల దేవుడికి తను బాకీ అనే ఉండిపోయింది. ఆ గుప్పెడు మాత్రం సరిగ్గా సరిపోయింది. నడిచినప్పుడు కదిలింది, ఒంగినప్పుడు ఒంగింది. అద్దంలో చూసుకుని ఆమె ఏడ్చింది, ఆ తర్వాత నవ్వింది కూడా.

ఏటా చెకప్‌కు జహాజులోనే వెళ్ళేది. ఈసారి జహాజు రిపేరుకు పోయింది, డాక్టరు ఇచ్చిన తారీకు ఆగదు.

"ఆ తిత్తి హేండ్‌బేగులో పడీయ్. లోపలికెళ్ళాక బాత్‌రూములో పెట్టుకుందువు గాని," అన్నాడు యేసురాజు.

"హాలంతా అలా బోసిగా నడిచి ఎల్లమంటావా? ఆ పిల్ల ఎదుటనుంచి?"

"కొంగు నిండా కప్పుకో. ఎవులు సూస్తారే?"

"ఎవులు సూడరో సెప్పు ముందు."

ఆయన లేచి వెళ్ళి టీ పెట్టుకొచ్చాడు. ఆమె తిత్తి పెట్టుకునే వెళ్తానని తేల్చేసింది.

ప్రయాణం రోజు పొద్దున వాన సన్నగా, పొగలా పడుతోంది. విమానాశ్రయం నేల తళతళలాడుతోంది. నడిచేవాళ్ళ కాళ్ళ కింద ఇంకొక జట్టు మనుషులు తలకిందులుగా నడుస్తున్నారు. జ్ఞానవతికి ఇది కలలో భాగమో, కల దాటి వచ్చిందో తెలియలేదు. మాటలన్నీ నీళ్ళ అడుగు నుంచి వింటున్నట్టు వినిపించాయి. ఎదురుగా ఆ మషీను ఉంది. కామమ్మ చెప్పినట్టే రెండు వంపు తిరిగిన అద్దాలు, మధ్యలో నేల మీద పసుప్పచ్చ పాదాల గుర్తులు. దానికి అటు పక్కన, చేతులకు తొడుగులు వేసుకుని, ఖాకీ బట్టల్లో లీదియా. ఈ పిల్లకు బాప్తిస్మపు గౌను కుట్టింది జ్ఞానవతే.

లోపలికి అడుగు పెట్టింది. నీళ్ళలోకి దిగినట్టే ఉంది.

"దీదీ, హాథ్ ఊపర్," అంది మషీను దగ్గరి మేడమ్.

కుడి చెయ్యి లేచింది. ఎడమ చెయ్యి చెవిదాకా వచ్చి ఆగిపోయింది. ఆపరేషనయ్యాక ఆ చెయ్యి అంతకు మించి లేవదు.

"ఔర్ ఊపర్, దీదీ."

"ఇంతే మేడమ్, బస్ ఇత్‌నాహీ," అంది చిన్న గొంతుతో.

ఇక్కడ జరిగిందొకటి. చేతులెత్తి నిలబడగానే, పుట్టినప్పటి నుంచి ఉన్న అలవాటు కదా, కళ్ళు వాటంతటవే మూతబడ్డాయి. కళ్ళు మూతబడితే నోరు ఊరుకుంటుందా? "స్తోత్రం ప్రభువా, మహా పరిశుద్ధుడా, ఈ ఉదయకాలమున నీ సన్నిధిలో..." అని పెద్ద గొంతుతోనే అందుకుంది. పాట ఎత్తుకునే గొంతు, హాలంతా వినిపించింది. మగవాళ్ళ వరసలో బెల్టు పెట్టుకుంటున్న యేసురాజు, అలవాటు చొప్పున, "ఆమేన్!" అన్నాడు.

"మాతాజీ, ఆంఖే ఖోలియే. హో గయా," అని కళ్ళు తెరవమంది మేడమ్, నవ్వు ఆపుకుంటూ. వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు.

జ్ఞానవతి సిగ్గుతో కుంచించుకుపోయి బయటికి వచ్చి, టీవీ వైపు చూసింది. చూడకుండా ఉండలేకపోయింది. తీరా చూస్తే ఏముంది అందులో? పిల్లలు పలక మీద గీసేలాంటి బొమ్మ. కళ్ళు లేవు, ముక్కు లేదు, ఆడో మగో కూడా తెలియదు. దేవుడు పుట్టించినట్టు చూపించడం మాట అటుంచి, దేవుడే గుర్తుపట్టలేడు ఆ బొమ్మను. అమ్మయ్య అనుకుంది. అంతలోనే బొమ్మ గుండె మీద, ఎడమ పక్క, పసుప్పచ్చటి చదరమొకటి వెలిగింది. కలలో కామమ్మ వేలు చూపించిన చోటే.

"ఆంటీ, ఇలా రండి," అంది లీదియా.

తెర లాగిన చిన్న గది. లోపల ఇద్దరూ నిలబడితే నిండిపోయింది.

"సూడాలి ఆంటీ, డ్యూటీ. ఏటుంది అక్కడ?"

జ్ఞానవతి పది రోజులుగా అబద్ధాలు తయారు చేసుకుంది. పర్సు అని, సెల్లు అని. తీరా అడిగేసరికి ఒక్కటీ నోటికి రాలేదు.

"బియ్యం," అంది.

హుక్కులు విప్పి తిత్తి తీసి చేతిలో పెట్టింది. ఇంకేముంది, అయిపోయింది, రాత్రికి మేరీకి తెలుస్తుంది, ఆదివారానికి సంఘానికి తెలుస్తుంది, లేని రొమ్ము కోసం ప్రార్థన చేస్తారు అనుకుంది. లీదియా ఆ తిత్తిని రెండు చేతుల్లోకీ తీసుకుంది. నొక్కి చూసింది, తెల్లటి పట్టీతో తుడిచి, ఆ పట్టీని పక్కనున్న, మందుగుండు పసిగట్టే పెట్టెలో పెట్టి చూసుకుంది. జ్ఞానవతి ఒంటి వైపు ఒక్కసారే, చూడాల్సినంత మటుకే చూసి, తెర వైపు తిరిగిపోయింది.

పని అయిపోయినా తిత్తిని వెంటనే తిరిగి ఇవ్వలేదు. అరచేతిలో పెట్టుకుని మెల్లగా పైకీ కిందికీ ఆడించింది.

"బరువు సరిపోద్దా ఆంటీ?"

"ఆఁ?"

"అదే... రెండో పక్కకి సమంగా ఉంటాదా? సెమటకి పాడవదా?"

"వారానికోసారి మారుస్తానమ్మా," అంది జ్ఞానవతి. ఏమడుగుతోందో, తనేం చెబుతోందో తెలియని స్థితి.

"అచ్ఛా," అంది లీదియా. తిత్తి చేతిలో పెట్టింది. హుక్కులన్నీ పెట్టుకునేదాకా తెర పట్టుకుని అటు తిరిగే నిలబడింది. బయట మేడమ్ "క్యా థా?" అని అడిగితే, "మెడికల్ హై మేడమ్, క్లియర్," అంది. అంతకు మించి ఒక్క ముక్క లేదు.

విమానం లేచింది. వాన కిందే ఉండిపోయింది. మబ్బుల మీద ఎండ కాస్తోంది. మబ్బు చిరిగినచోట దీవులు కనబడ్డాయి, చుట్టూ లేత పచ్చటి నీళ్ళు, నీళ్ళ అడుగున పగడాల మచ్చలు. జ్ఞానవతి కిటికీ అద్దానికి నుదురు ఆనించింది. ఇప్పుడు గాజు పడవలో ఉన్నది తను. కింద ఉన్నది మిగతా అందరూ. ప్రోతరాపూర్ ఏ చెట్ల కిందుందో, ఏ రేకు కింద ఎవరు ఏం దాచుకుని కూర్చున్నారో ఇంత ఎత్తు నుంచి ఏమీ కనిపించడం లేదు. ఎంత బాగుంది అనుకుంది. నిద్ర పట్టీ పట్టనట్టుగా ఉంది.

ఆ మగతలోనే ఆ పిల్ల అరచెయ్యి కళ్ళ ముందుకు వచ్చింది, పైకీ కిందికీ ఆడుతూ. బరువు సరిపోద్దా ఆంటీ?

డ్యూటీకి ఆ ప్రశ్నతో ఏం పని? ఊసుపోక అడిగే ప్రశ్నా అది? ఇంట్లో దూది పెట్టి చూసి, గుడ్డ పెట్టి చూసి, ఏదీ కుదరక విసిగిపోయినవాళ్ళను చూసినవాళ్ళే అలా అడుగుతారు.

మేరీ!

మేరీ పోయిన క్రిస్మస్ నుంచి ఒక్క జాకెట్టూ ఇవ్వలేదు. ఏటా నాలుగు కుట్టించుకునే మనిషి. ఈ ఉక్కలో శాలువా కప్పుకుని చర్చికి వస్తోంది. పాటల జట్టులోంచి తప్పుకుని వెనక బెంచీలో కూర్చుంటోంది. అందరూ చేతులెత్తి స్తుతించేటప్పుడు ఆమె చేతులు ఒళ్ళోనే ఉంటున్నాయి. కూతురికి ఉద్యోగం వచ్చాక కళ్ళు నెత్తికెక్కాయన్నారు అందరూ. తనేమంది? "పోనీలే, పెద్దోళ్ళయిపోనారు, రెడీమేడ్‌లో పడ్డారు," అని కామమ్మతో అని నవ్వింది. ఊళ్ళో ఆడవాళ్ళ ఒళ్ళన్నీ తెలుసని మురిసిపోయింది గానీ, రెండు వీధుల అవతల తనలాగే ఒక మనిషి ఒంటరిగా ఏడుస్తుంటే కనిపెట్టలేకపోయింది. కళ్ళ నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోలేదు.

"ఏటయ్యింది? సెవి నొప్పా?" అన్నాడు యేసురాజు కంగారుగా.

"కాదు. మేరీ..."

"మేరీకేటయ్యింది?"

ఆమె ఆయన మొహంలోకి చూసింది. పాపం, మంచివాడు. ఒక రాయిని మోస్తున్నాడు, ఇంకోటి ఎందుకు?

"ఏం లేదు. సెవి నొప్పే," అంది.

చెన్నైలో డాక్టరు అన్నీ బాగున్నాయని, మళ్ళీ ఏడాదికి రమ్మని చెప్పాడు. ఆ రాత్రికి గాజు పడవ కల మళ్ళీ వచ్చింది. ఈసారి నీళ్ళలో ఆమె పక్కన ఇంకెవరో పడుకుని ఉన్నారు, మొహం అటు తిప్పుకుని. ఎవరో జ్ఞానవతికి తెలుసు. తొంగి చూడలేదు. పైన పడవ ఖాళీగా పోయింది.

తిరిగొచ్చిన ఆదివారం, చర్చి విడిచాక, మెట్ల దగ్గర లీదియాను ఆపింది.

"మీ అమ్మ కొలత మర్చిపోనానమ్మా. క్రిస్మస్ జాకెట్టుకి ఓసారి రమ్మను."

పక్కనే ఉన్న కామమ్మ బుగ్గలు నొక్కుకుంది. "నువ్వు కొలత మర్చిపోడమేటి జ్ఞానక్కా! నా పెళ్ళినాటి కొలత కూడా సెప్తావు గదా!"

"వయసొచ్చీసింది కామమ్మా, ఏటి సేస్తాం."

లీదియా ఒక్క క్షణం ఆమె కళ్ళలోకి చూసింది. "సెప్తాను ఆంటీ," అంది.

ఆ వారం మేరీ రాలేదు. తర్వాతి వారమూ రాలేదు. జ్ఞానవతి మెత్తటి కొత్త మల్లుగుడ్డతో ఒక తిత్తి కుట్టి, రెండో కుట్టు కూడా వేసి, సొరుగులో పెట్టుకుంది. బియ్యం పోయలేదు. ఎవరి గుప్పెడు వాళ్ళదే కదా. వాకిట్లో గొడుగు కనిపించినప్పుడల్లా మిషను ఆపి చూసేది. రాదేమో, తన మాట తప్పుగా తీసుకుందేమో, కూతుర్ని తిట్టిందేమో అని మనసు పీకేది.

ఒక మధ్యాహ్నం, వీధిలో ఒక్క మనిషి లేని జోరు వానలో, మేరీ వచ్చింది. శాలువా కప్పుకునే ఉంది. చేతిలో నీలం గుడ్డ.

"రెడీమేడ్‌లు బాగోటం లేదు వదినా," అంది, గోడకేసి చూస్తూ.

"బాగోవు మరి. రా."

జ్ఞానవతి తలుపు వేసింది. కిటికీ తెర లాగింది. టేపు మెడలోంచి తీసింది. మేరీ శాలువా తీసి కుర్చీ మీద పెట్టడానికి చాలాసేపు పట్టింది.

"సేతులెత్తు," అంది జ్ఞానవతి, ఎప్పుడూ అనే గొంతుతోనే.

మేరీ కుడి చెయ్యి లేచింది. ఎడమ చెయ్యి చెవిదాకా వచ్చి ఆగింది.

"భుజం పట్టీసింది వదినా. వాతం..."

జ్ఞానవతి టేపు కింద పెట్టేసింది. మేరీకి ఎదురుగా నిలబడి తన చేతులు రెండూ పైకెత్తింది. కుడిది నిటారుగా లేచింది. ఎడమది చెవిదాకా వచ్చి ఆగిపోయింది.

"నాదీ అక్కడిదాకానే వస్తాది, వదినా."

మేరీ ఆ చేతిని చూసింది, ఆ తర్వాత జ్ఞానవతి మొహం చూసింది. రేకుల మీద వాన హోరెత్తుతోంది. చాలాసేపటిదాకా ఇద్దరూ చేతులు దించలేదు.